గోడ వెనక ఎవరున్నారు

నేను గోడకు ఆనుకుని కూర్చోను. బస్టాండులో అయినా, దవాఖానాలో అయినా, పెళ్లివారింట్లో అయినా జానెడు ఎడంగానే కూర్చుంటాను, నడుము లాగినా సరే. ఏ ఇంటికి వెళ్లినా ముందు గోడ మొదలు చూస్తాను, తర్వాత కొస చూస్తాను, ఆ తర్వాతే ఆ ఇంటివాళ్ల ముఖాలు చూస్తాను. తాపీమేస్త్రీ పెళ్లానికి గోడంటే భయమేమిటని చుట్టాలు ఆటపట్టిస్తారు. మా ఆయన మాత్రం ఎన్నడూ నవ్వలేదు. ఆయన కూడా గోడకు ఆనుకునేవాడు కాదు.

మాది ముదిగొండ వైపు పల్లె. డెబ్బైలలో సత్తుపల్లి దాటి అశ్వారావుపేట దిక్కున, అడవి అంచున, కోస్తా నుంచి వచ్చిన రైతులు భూములు కొని ఇళ్లు కట్టుకుంటున్నారు. అక్కడ పని దొరుకుతుందంటే మూటాముల్లె సర్దుకుని వెళ్లాం. మా ఆయన గోడ కట్టేవాడు. నేనూ మా ఆడబిడ్డా అడుసు తొక్కి, ఇటుకలు మోసి అందించేవాళ్లం. ఆడబిడ్డకు ఇంకా సరిగ్గా మాటలు రాని కూతురు ఒకతె ఉండేది. ఆ పిల్లను ఇటుకల గుట్ట నీడలో గోనెపట్టా మీద కూర్చోబెట్టి పనిచేసుకునేవాళ్లం.

ఆడబిడ్డ మొగుడు కొత్తగూడెంలో బొగ్గు లారీలకు లోడింగ్ పని చేసేవాడు. కామెర్లు వచ్చి పోయాడు. అత్తవారు పిల్లతో సహా ఆమెను అన్న ఇంటికి పంపేశారు. నా ఈడుదే. నాకంటే ఒక ఇటుక ఎక్కువే మోసేది. నా నోరు సంగతి తెలుసు కాబట్టి, నేను ఎవరి మీదైనా కయ్యిమంటే, వదినకు ముక్కు మీదే కోపం ఉంటదని నవ్వేది. మా ముగ్గురి మధ్య ఉన్నప్పుడు ఎంత వాగుడుకాయో, పరాయి మనిషి కనబడితే అంత మూగదయ్యేది.

ఆమెలో నాకు నచ్చనిది ఒక్కటే. ఇల్లు కట్టించుకుంటున్న ఆసామి ఎడ్లబండి కట్టుకుని ఊరికి బయలుదేరుతున్నాడంటే చాలు, తల మీద తట్ట ఉన్నా సరే, చటుక్కున ఇటుకల గుట్ట వెనక్కి తప్పుకునేది. బొట్టు లేని మనిషి ఎదురొస్తే పోయే పని కాదని ఎవరైనా అంటారేమోనని. బండి మలుపు తిరిగాక మళ్లీ వచ్చేది. ఒకనాడు నేను ఒళ్లుమండి అడిగాను, నిన్ను ఎవరేమన్నారని గట్ల దాక్కుంటున్నవని. ఆమె తట్ట దించకుండానే జవాబిచ్చింది.

"అనిపించుకునేదాక ఎందుకొదినా?"

నేను ఇంకో ఇటుక ఆమె తట్టలో పెట్టాను.

ఆ ఇల్లు బెంగుళూరు పెంకుటిల్లు. ఇటుకలను అడుసుతో కట్టి పైన సున్నం పూసే పద్ధతి. ఇటు తూర్పున ఒకటి, అటు పడమటన ఒకటి, రెండు పక్కగోడలు మధ్యలో మొనదేరి పైకి లేస్తాయి. ఆ రెండు మొనల మీదా నడిదూలం ఎక్కుతుంది. దూలం ఎక్కి, వాసాలు పడి, పెంకు కప్పితే ఆ గోడలు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడతాయి. అప్పటిదాకా ఎవరి గోడ వారిదే. అంత ఎత్తున ఒంటరిగా నిలబడిన గోడకు గాలీ శత్రువే, వానా శత్రువే. మా ఆయన అన్నం తింటూ కూడా ఇదే చెప్పేవాడు.

ఎండాకాలం చివర గోడలు మొనలదాకా లేచాయి. ఇంకో వారంలో దూలం ఎత్తేద్దామనుకుంటుండగా మూఢం వచ్చింది. మూఢంలో దూలం ఎత్తరు. మూఢం పోయేసరికి ఆషాఢం. ఆషాఢంలోనూ ఎత్తరు. శ్రావణంలో మంచి ముహూర్తం పెట్టించామని ఆసామి తల్లి చెప్పింది. అంటే నడివానల్లో ఆ రెండు మొనగోడలూ కప్పు లేకుండా నిలబడాలి. మా ఆయన ఒప్పుకున్నాడు. ఆయనకూ ముహూర్తాలంటే గురి. గోడ నిలువు చూసే గుండుతాడు పట్టుకునే ముందు దానికి దండం పెట్టుకునే మనిషి.

గోడలు నిలబెట్టడానికి ఆయన చేయగలిగినదంతా చేశాడు. అడవి పక్కనే కాబట్టి వెదురు బొంగులు కొట్టుకొచ్చి, ఒక్కో గోడకు లోపలి నుంచీ బయటి నుంచీ ఏటవాలుగా ఊతలు పెట్టాడు. బొంగు మొదలు జారకుండా నేలలో గుంట తీసి రాయి దిగ్గొట్టాడు. గోడల నెత్తిన తాటాకులు కప్పి పురితాళ్లతో కట్టాం. ఆ ఇంటిపక్కనే పాక వేసుకుని కాపలా ఉన్నాం. చుట్టుపక్కల ఇళ్లలో గచ్చులూ అరుగులూ చేసుకుంటూనే ఈ గోడలను చూసుకునేవాళ్లం.

పొద్దున్నే లేచి ఆయన గోడ చుట్టూ తిరిగి, గుండు వదిలి చూసి, ఊతలను ఒక్కొక్కటే చేత్తో ఊపి చూసేవాడు. నన్ను ఏనాడైనా ఇట్లా పరామర్శించావా, ఆ గోడనే చేసుకోకపోయావా అని దెప్పేదాన్ని. ఆడబిడ్డ పకపకా నవ్వేది. నిజానికి ఆ గోడకు ఎక్కువ సేవ చేసింది ఆమే. గాలివాన వచ్చి తాటాకు లేచిపోతే నిచ్చెన వేసుకుని మళ్లీ కప్పేది ఆమే. పడమటి గోడ బయటివైపు పల్లం. తుమ్మకంపలు తప్ప మనిషి తిరిగే చోటు కాదు. వాన నీళ్లు గోడ మొదట్లో నిలబడుతున్నాయని పార పట్టుకుని అక్కడ కాలువ తీసింది. మునిమాపు వేళ తడిసి ముద్దయి వచ్చి, మీ ఆయన రెండో పెళ్లాం బాగానే ఉందొదినా అని చెప్పేది.

ఆ రెండు నెలలూ గోడ చెక్కుచెదరలేదు. ఇదే నాకు ఇప్పటికీ మింగుడుపడని సంగతి.

ఆసామి తల్లి చెడ్డ మనిషి కాదు. మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ పోసేది. ఆడబిడ్డ కూతురికి చేతిలో బెల్లంముక్క పెట్టేది. ముహూర్తానికి ముందురోజు కోస్తా నుంచి చుట్టాలు దిగారు. సాయంత్రం అందరూ ఇల్లు చూడ్డానికి వచ్చారు. వాళ్లలో ఎవరో గోడకు ఆనించిన బొంగులను చూసి ఏదో గొణిగారు. ఆమె ముఖం మారిపోయింది. మా ఆయనను పక్కకు పిలిచింది.

"ఏమయ్యా మేస్త్రీ, తెల్లారితే శుభకార్యం. ఆ పచ్చి బొంగులు ఇంటికి ఆనించి ఉంటే పాడె కట్టడానికి తెచ్చినట్టుంది. తీయించెయ్యి."

పాత బొంగుల మొదళ్లు నానిపోయాయని మా ఆయన వారం కిందటే కొత్తవి కొట్టుకొచ్చాడు. అవి నిజంగానే పచ్చగా ఉన్నాయి. దూలం ఎక్కించాలంటే లోపలి ఊతలు ఎట్లాగూ తీయాలి. బయటివి ఉంచుతానంటాడనుకున్నాను. అనలేదు. సరేనమ్మా అని తలూపాడు. నాకు మండింది. రేపు దూలం ఎక్కినాక తియ్యరాదా, ఇయ్యాల ఏం తొందరొచ్చిందని పాకలో నిలదీశాను. ఇన్నాళ్లు నిలబడిన గోడ ఒక్క పూటకు పడుతుందా, ఊకో అన్నాడు. మా ఆయన నన్ను ఊకో అనడం అదే మొదలు. ఊతలన్నీ తీసి పాక పక్కన పడేశాడు.

మర్నాడు పొద్దున ముసురు తెరిపిచ్చింది. దూలానికి పసుపు రాసి బొట్లు పెట్టారు, మామిడాకులు కట్టారు. ముత్తయిదువలు పళ్లేలు పట్టుకుని నిలబడ్డారు. మా ఆయన దూలం కింద ఎవరూ ఉండకూడదని ముగ్గుతో గీత గీసి, దాటి రావద్దని పేరుపేరునా చెప్పాడు. ఒక ముసలాయన వినకపోతే చేయి పట్టుకుని వెనక్కి జరిపాడు. ముందువైపు అంత జాగ్రత్త పడ్డాడు.

నేను పనివాళ్లతో పాటు ఒక పక్కగా నిలబడ్డాను. ఆడబిడ్డ వచ్చి పిల్లను నా చంకకెత్తింది.

"దీన్ని జర పట్టుకో వదినా. నేను అటు పోతున్న."

పాకలోకి వెళ్తుందనుకున్నాను. మా పాక తలుపు సరిగ్గా దూలం ఎత్తే చోటికి ఎదురుగా ఉందన్న సంగతి నాకు తట్టలేదు. ఆమెకు తట్టింది. ఆమె అట్లాంటి లెక్కలు మనసులోనే వేసుకునే మనిషి.

దూలం ముందు తూర్పు మొన మీద కూర్చుంది. పడమటి కొసను పరంజా మీద ఉన్న మా ఆయనా ఇంకో ఇద్దరూ అందుకుని, భుజాలతో నెట్టి గాడిలోకి దించబోయారు. గోడ అడుగు ఎంత నానిందో పైనున్నవాళ్లకు తెలియదు. బయట ఊత లేదు. ఆ నెట్టుడుకు మొన కొద్దిగా అటు వాలింది. వాలిన గోడ మళ్లీ ఇటు రాలేదు. ఉన్నట్టుండి గోడ ఉన్నచోట ఆకాశం కనబడింది. చప్పుడు ఆ తర్వాత వచ్చింది. దూలం కొస కింద పడింది, గీత లోపలే పడింది. పరంజా విరిగి ముగ్గురూ ఇటువైపు దూకారు. ఒకరి కాలు బెణికింది. అంతే.

దుమ్ము సర్దుకున్నాక ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. గీత దాటి ఎవరూ లేరు. గోడ బయటికి పడింది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ఆసామి తల్లి చేతులెత్తి దేవుడికి మొక్కింది, మనుషులు దక్కారు, గోడదేముంది అంది. చుట్టాలు అవునవునన్నారు. మా ఆయన ఒళ్లంతా మట్టితో లేచి నిలబడి, నావైపు చూసి ఊపిరి వదిలాడు. నేను కూడా వదిలాను. ఆ ఊపిరి వదిలిన క్షణం నాకు బాగా గుర్తుంది. సంతోషంగానే ఉండింది.

అప్పుడు నా చంకలో పిల్ల అమ్మ అంది.

పాకవైపు తిరిగి పిలిచాను. పలకలేదు. లోపలికి వెళ్లి చూశాను, లేదు. బయటికొచ్చి మా ఆయనను చూశాను. నేనేం అడగబోతున్నానో ఆయనకు అర్థమైంది. ఇద్దరం గోడ కూలిన వైపు నడిచాం. ముందు నడిచాం, తర్వాత పరుగెత్తాం. ఆమె తవ్విన కాలువ పక్కన, తుమ్మకంపలకూ గోడకూ మధ్య ఒక మనిషి నిలబడేంత చోటు ఉండేది. అక్కడ నిలబడితే శుభకార్యానికి వచ్చిన ఎవరికీ కనిపించరు. ఇటుకల కింద ముందు ఆమె చేయి కనబడింది.

ఇటుకలు అందరూ తీశారు. చుట్టాలు కూడా, కొత్త బట్టలతో. దవాఖానాకు తీసుకుపోవడానికి బండి కట్టారు గానీ దాని అవసరం లేకపోయింది. ఆసామి తల్లి మట్టిలో కూలబడి, నేను పొమ్మనలేదే, ఆ అమ్మాయిని నేనేమీ అనలేదే అని అందరినీ పట్టుకుని చెప్పుకుంది. అది నిజం. ఆమె అనలేదు. ఎవరూ అనలేదు. ఎవరూ అనాల్సిన పని లేకుండా పోయింది. నాకు ఆ పూట ఎవరి మీదా రాని కోపం చచ్చిపోయిన మనిషి మీద వచ్చింది. ఎందుకు పోయి అక్కడ నిలబడ్డావే, నీకేం తక్కువని మొత్తుకుంటుంటే నలుగురు నన్ను పట్టుకుని పక్కకు తీసుకుపోయారు.

సాయంత్రానికి పాడె కట్టాలి. వానల్లో మళ్లీ అడవికెవరు పోతారు? పాక పక్కన బొంగులు పడి ఉన్నాయి. వాటితోనే కట్టారు.

ఆ ఇల్లు తర్వాత వేరే మేస్త్రీ పూర్తి చేశాడు. మా ఆయన ముదిగొండకు వచ్చేసి చాలా రోజులు తాపీ పట్టలేదు. కూలికి నాట్లేస్తూ నేనే ఇల్లు నడిపాను. ఆయనతో మాట్లాడటం మానేశాను. ఆయన తింటున్నాడో లేదో చూసేదాన్ని, మాట మాత్రం లేదు. గోడ నిలబడాలని రెండు నెలలు ప్రాణం పెట్టినవాడు ఒక ముసలమ్మ మాటకు ఎట్లా తలూపాడని నా కోపం. ఒకనాడు పిల్లకు అన్నం కలిపి పెడుతూ, నేను అడగకుండానే చెప్పాడు.

"ఆమె అన్నదని తియ్యలేదే. నాకు గూడ గట్లనే కనబడ్డయి. పాడె లెక్కనే కనబడ్డయి. భయమైంది."

ఆ తర్వాత నేను మాట్లాడాను. కోపం పోయిందని కాదు. ఆ మాట ఇంకొకరికి చెప్పుకోలేడని.

మళ్లీ తాపీ పట్టినప్పుడు ఆయన పని తీరు మారింది. వానాకాలంలో మొనగోడ కట్టనన్నాడు. ఎండాకాలంలో కట్టినా ఒక్క రోజున నడుమెత్తు దాటనిచ్చేవాడు కాదు. పెంకు పడేదాకా బయటి ఊత తీసేది లేదు. ఊతలు చూసి ఇంటివాళ్లు ముఖం చిట్లిస్తారని తెలుసు కాబట్టి, ఆయనే ఒక ఆచారం పుట్టించాడు. ముహూర్తం రోజు దూలంతో పాటు ఊతకర్రలకు కూడా పసుపు రాసి, బొట్టు పెట్టి, మామిడాకు కట్టించేవాడు. ఇదేంది కొత్తగా అని అడిగితే, మా మేస్త్రీల్లో తాతల కాలం నుంచి ఉన్నదే, ఊతకు బొట్టు పెట్టకపోతే ఇంటికి మంచిది కాదని ముఖం చెదరకుండా చెప్పేవాడు. అబద్ధాలు రాని మనిషి ఆ ఒక్క అబద్ధం బాగా నేర్చుకున్నాడు. జనం నమ్మారు. బొట్టు పెట్టిన కర్రను తీసెయ్యమని అడగడానికి ఎవరికీ నోరు రాలేదు.

ఇంకోటి కూడా ఉంది. దూలం లేపే ముందు పరంజా దిగి, ఎనక ఎవరున్నరు అని గట్టిగా అరిచేవాడు. జవాబు వచ్చినా రాకపోయినా తనే గోడ చుట్టూ తిరిగి చూసి వచ్చేవాడు. అప్పుడు తెలిసింది మాకు. ఇంచుమించు ప్రతి ఇంటి వెనకా ఎవరో ఒకామె ఉండేది. ఆసామి అక్కో, చిన్నమ్మో, బిడ్డో. ఒక్కోసారి కన్నతల్లే. తెల్లచీరో, వెలిసిపోయిన రంగు చీరో కట్టుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, లోపలి మంత్రాలు వింటూ గోడను ఆనుకుని నిలబడేది. అందరూ ముందుకొస్తేగాని దూలం లేపే తాడు పట్టనని మా ఆయన కూర్చునేవాడు. కొందరు నసుగుతూ ఒప్పుకునేవాళ్లు. ఒకచోట ముహూర్తం మించిపోతోందని అయ్యవారు మండిపడితే, మించనీయండి అన్నాడు. ఆ ఇంటివాళ్లు వేరే మేస్త్రీని పెట్టుకున్నారు. అట్లా పోయిన పనులు చాలానే. పోతే పోయాయని నేనూ అనలేదు, ఎందుకు పోగొట్టుకున్నావనీ అనలేదు.

పిల్లను మేమే పెంచాం. దాన్ని బూర్గంపాడు దిక్కున ఇచ్చాం. దాని మొగుడు మిషన్లు బాగుచేసే పని చేస్తాడు. తొంభైలలో వాళ్లు ఇల్లు మొదలుపెట్టేసరికి మా ఆయన లేడు. చాలా ఏళ్లు సిమెంటు దుమ్ము, సున్నం దుమ్ము పీల్చి, దగ్గి దగ్గి పోయాడు. మేనకోడలి ఇల్లు నా చేత్తో కట్టాలని చివరిదాకా అన్నాడు.

వాళ్లది కూడా పెంకుటిల్లే. దూలం ఎత్తే పొద్దున నేను వెళ్లాను. ఆ మేస్త్రీ ఎవరో నాకు తెలియదు, మా ఆయన దగ్గర పనిచేసినవాడు కూడా కాదు. కానీ గోడకు బయట ఊతలు ఉన్నాయి, వాటికి పసుపూ బొట్టూ ఉన్నాయి. ఎందుకు నాయనా కర్రలకు బొట్లు అని అడిగాను. తాతల కాలం నుంచి ఉన్నదేనమ్మా అన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్లు మండాయి.

అత్తవారి వైపు ఆడవాళ్లు పళ్లేలతో వచ్చారు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఒకామె నన్ను చూసి చూపు పక్కకు తిప్పుకుంది, అంతే. అనిపించుకునేదాకా ఎందుకనుకున్నానో, ఏమీ అనుకోలేదో నాకే తెలియదు. ఇంత నోరున్న దాన్ని, ఇన్నేళ్లు ఆ సంగతి తలచుకుని పళ్లు నూరుకున్న దాన్ని. నా కాళ్లే నన్ను తీసుకుపోయాయి. ఇంటి చుట్టూ తిరిగి గోడ వెనక నిలబడ్డాను. అక్కడ చల్లగా ఉంది. ఎవరి చూపూ పడదు. నిజం చెప్పాలంటే, మనసుకు హాయిగానే ఉంది. ఆడబిడ్డకు కూడా అట్లాగే ఉండి ఉంటుందని ఆ రోజే నాకు తెలిసింది.

లోపల మేస్త్రీ గొంతు వినిపించింది, ఎనక ఎవరున్నరని. నేను పలకలేదు. కాసేపటికి అడుగుల చప్పుడైంది. మా పిల్ల పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, కంపలు తప్పించుకుంటూ వచ్చింది. దానికి తల్లి ముఖం గుర్తులేదు. తల్లి ఎట్లా పోయిందో మాత్రం మేము దాచలేదు. నన్ను చూసి నిలబడిపోయింది. నా మణికట్టు నొప్పి పుట్టేలా పట్టుకుంది.

"ఇటు రా అత్తా. ఇక్కడ నిలబడకు."

నేను వెళ్లాను. దూలం లేస్తున్నంతసేపూ అది నా చేయి వదల్లేదు. పక్కనున్నవాళ్లు ఎవరికి తోచింది వాళ్లు అనుకున్నారు. దూలం ఎక్కింది, గోడ కదల్లేదు.